రోగి భద్రత: తోడున్నవారు తెలుసుకోవలసిన సంగతులు

బోధన్, కోటగిరి, వర్ని వైపు నుండి చెరకు పండించే కుటుంబాల వారు మన ఆస్పత్రికి ఎందరో వస్తుంటారు. ఈ పాఠం వారిని దృష్టిలో పెట్టుకుని మొదలుపెడుతున్నాను. శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడక ముందు చెరకు బండి కాటా మీదికి ఎక్కితే రైతు ఎక్కడ నిలబడేవాడు? కాటా పక్కనే. తూకం ఎంత పడింది, చీటీ మీద ఎంత రాశారు, రెండూ ఒకటేనా అని చూసుకున్నాకే బండిని కదిలించేవాడు. కాటా గుమాస్తా మీద కోపం ఉండి కాదు. ఏడాది కష్టం ఆ బండి మీద ఉంది కనుక చూసుకునేవాడు. అదే రైతు తన భార్యను ఆస్పత్రిలో చేర్చిన రోజున చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడతాడు. ఏ సూది వేశారో అడగడు. ఏ గోలీ ఇచ్చారో చూడడు. "మీరే చూసుకోండ్రి సిస్టరమ్మా, మాకేం ఎరుక" అంటాడు.

ఆ మాటలో మా మీద నమ్మకం ఉంది. అందుకు కృతజ్ఞులం. కానీ అందులో ప్రమాదం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆస్పత్రిలో చికిత్స పొందే ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఆ చికిత్స జరిగే క్రమంలోనే ఏదో ఒక హాని కలుగుతోంది. అందులో దాదాపు సగం నివారించగలిగినదే. ఈ సంగతి ప్రజలకు చెప్పడానికే 2019 నుండి ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17ను రోగి భద్రతా దినంగా జరుపుతున్నారు. 2023లో ఆ దినానికి ఎంచుకున్న విషయం రోగులను, వారి కుటుంబాలను భద్రతలో భాగస్వాములను చేయడం. అంటే మీ గురించే.

వార్డులో ఒక్కో సిస్టరు ఎంతోమంది రోగులను చూడాలి. డాక్టరు గారు రోజుకు ఒకటి రెండుసార్లు వస్తారు. ఇరవై నాలుగు గంటలూ ఒకే రోగిని చూస్తూ కూర్చునేది మీరు ఒక్కరే. నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో వచ్చిన తేడా మొదట తెలిసేది మీకే.

మందు మీ చేతికి వచ్చినప్పుడు

2019 మార్చిలో హైదరాబాదులోని నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేశారు. టీకా తర్వాత జ్వరం రావచ్చు కనుక పారాసిటమాల్ ఇచ్చి పంపడం మామూలే. ఆ రోజు తల్లుల చేతికి ఇచ్చిన గోలీలు మాత్రం పారాసిటమాల్ కాదు, ట్రమడాల్. ఇది పెద్దవాళ్ళకు తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు. పసిపిల్లలకు ఇస్తే మత్తు కమ్మి ఊపిరి మందగిస్తుంది. ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. మరెందరినో నిలోఫర్ ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది.

ఆ తల్లులు చేసిన తప్పేమీ లేదు. ఇచ్చినది వేశారు. తప్పు మందును చేతిలో పెట్టినవారిది, మందుల గదిలో రెండు రకాలను కలిసిపోనిచ్చిన ఏర్పాటుది. అయినా ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ గోలీ ఆరోగ్య కేంద్రంలోని ఎన్ని చేతులు దాటి వచ్చినా బిడ్డ నోట్లో పడే ముందు ఆగగలిగిన చివరి చోటు ఇల్లే. స్ట్రిప్పు మీద పేరును చీటీ మీద పేరుతో పోల్చి చూడడం చదువు వచ్చిన ఎవరైనా చేయగలరు. ఇంట్లో ఎవరికీ చదువు రాకపోతే బడికి పోయే పిల్లవాడితో చదివించండి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలిగితే చాలు, అర్థం తెలియనక్కర లేదు.

నర్సింగు శిక్షణలో మాకు మొదటి సంవత్సరమే ఒక వరుస నేర్పుతారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన వేళ, సరైన మార్గం. మార్గం అంటే నోటి ద్వారానా, కండకా, నరానికా అని. ఈ అయిదింటినీ మీరు కూడా అడగవచ్చు. సిస్టరు మందు తీసుకుని మంచం దగ్గరకు రాగానే రోగి పేరు మీరే పైకి చెప్పండి. "లక్ష్మి అంటే ఈమేనా?" అని అడిగితే తల ఊపి ఊరుకోకండి. పూర్తి పేరు, భర్త పేరు, ఊరి పేరు చెప్పండి. మా వార్డులో ఒకేసారి ముగ్గురు లక్ష్ములు, నలుగురు సాయిలు ఉండడం కొత్త కాదు. ఇంతకుముందు ఏదైనా మందు పడక దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి జరిగి ఉంటే సూది వేసే ప్రతివారికీ చెప్పండి. ఒకసారి చెప్పాం కదా అనుకోవద్దు. రాత్రి డ్యూటీకి వచ్చినవారు మీరు పొద్దున ఎవరికి ఏం చెప్పారో విని ఉండరు.

షుగరు వ్యాధి ఉన్నవారి విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో సూది వేసేది మీరే. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతలలో దొరుకుతుంది. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండోది 100 యూనిట్లు. సిరంజీలు కూడా దేనికది వేరు. 40 సిరంజీకి ఎర్ర మూత, 100 సిరంజీకి నారింజ రంగు మూత ఉంటుంది. 40 సిరంజీతో 100 ఇన్సులిన్‌ను 20 గీత వరకు లాగితే లోపలికి పోయేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. రాత్రి అన్నం సరిగా తినని ముసలాయనకు ఆ మోతాదు పడితే తెల్లవారేసరికి స్పృహ ఉండకపోవచ్చు. తిరగేసి 100 సిరంజీతో 40 ఇన్సులిన్ లాగితే 20 చోట 8 యూనిట్లే పడతాయి, షుగరు తగ్గదు, మందు పనిచేయడం లేదని మీరు అనుకుంటారు. మెడికల్ షాపులో సిరంజీ అడిగేటప్పుడు సీసాను వెంట తీసుకుపోండి. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె ఒకటేనా చూడండి.

కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే గోలీ కూడా అలాంటిదే. అది వారానికి ఒక్కసారి వేసుకునేది. మన ఇళ్ళలో గోలీ అంటే రోజూ వేసుకునేదే అనే అలవాటు. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. వారం పేరు చీటీ మీద రాయించుకోండి. "వారానికి ఒకటి" అనకుండా "ఆదివారం మాత్రమే" అని రాయించుకుంటే ఇంకా మంచిది.

దాచిపెట్టకండి

రోగి భద్రతలో కుటుంబం చేయవలసిన అన్ని పనుల్లోకి ఇది పెద్దదని నా అభిప్రాయం. ఇందులో మన జిల్లాకు ప్రత్యేకమైనది కల్లు.

ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు గారు "అలవాట్లు ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. భార్య తల వంచుకుంటుంది. కొడుకు "ఏం లేదు సార్, అప్పుడప్పుడు" అంటాడు. అప్పుడప్పుడు అంటే రోజూ పొద్దున రెండు సీసాలు, సాయంత్రం రెండు సీసాలు అని మాకు రెండో రోజు రాత్రి తెలుస్తుంది. అప్పటికి రోగికి చేతులు వణుకుతుంటాయి, చెమటలు పోస్తుంటాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, సెలైన్ పీకేస్తాడు, కుట్లు లాక్కుంటాడు, మంచం దిగి పరుగెత్తబోతాడు. ఫిట్స్ కూడా రావచ్చు. బంధువులు దయ్యం పట్టిందని అంటారు, లేదా మత్తు ఎక్కువ ఇచ్చారని మమ్మల్ని తప్పుపడతారు.

జరిగేది వేరు. చెట్టు కల్లు తాగేవారి సంగతి అలా ఉంచండి. చాలా డిపోల కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ళ తరబడి రోజూ అది పడిన శరీరానికి ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరుకు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరు ఇదే స్థితిలో ఆస్పత్రుల చుట్టూ తిరిగారో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆపరేషను కోసం చేర్చిన మనిషికి కూడా అదే జరుగుతుంది, ఎందుకంటే ఆస్పత్రిలో కల్లు ఉండదు. ముందే తెలిస్తే దానికి మందు ఉంది. మత్తు డాక్టరు గారు మోతాదు మార్చుకుంటారు, మేము రాత్రి కనిపెట్టుకుని ఉంటాం. ఆడవాళ్ళు కూడా తాగుతారు, ఈ ప్రాంతంలో అది మాకు తెలియని విషయం కాదు. ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు. అందరి ముందు చెప్పడానికి సిగ్గనిపిస్తే సిస్టరును పక్కకు పిలిచి చెప్పండి. ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా, చివరగా ఎప్పుడు తాగాడు, ఈ మూడు సంగతులు కావాలి. ఇంకొక మాట. రోగి బాధ చూడలేక సంచిలో సీసా పెట్టి వార్డులోకి తెచ్చే బావమరుదులు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి.

రెండోది ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర చేయించుకున్న వైద్యం. మేము తిడతామని చెప్పరు. ఆయన ఏ సూది వేశాడో, ఏ గోలీలు ఇచ్చాడో తెలియకుండా మేము మళ్ళీ మందు ఇస్తే రెండూ కలిసి హాని చేయవచ్చు. ఖాళీ స్ట్రిప్పులు, ఖాళీ సీసాలు ఏవి ఉంటే అవి సంచిలో వేసుకుని రండి. పురుగుల మందు తాగినవారిని తెచ్చేటప్పుడు ఆ డబ్బా కూడా తప్పకుండా తేవాలి. ఊళ్ళో సూది వేయించుకోవలసి వస్తే కొత్త సిరంజీ మీ కళ్ళముందే కవరు చింపి తీయమని అడగండి. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒక నకిలీ వైద్యుడు వాడిన సిరంజీలనే మళ్ళీ వాడడం వల్ల నలభైమందికి పైగా హెచ్ఐవి సోకిందని 2018లో అధికారులు చెప్పారు.

ఆపరేషనుకు ముందు, తర్వాత

ముందు ఉపవాసం గురించి. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. అందుకే ఇన్ని గంటల నుండి ఏమీ పెట్టవద్దని చెబుతాం. "పాపం గొంతు ఎండిపోయింది" అని అత్తగారు కొంగు చాటున ఇచ్చే అర గ్లాసు చాయ్ ఆ నియమాన్ని పాడుచేస్తుంది. ఇచ్చేసి ఉంటే చెప్పండి. ఆపరేషను కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషను థియేటర్ల కోసం ఒక పేజీ పట్టిక తయారుచేసింది. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటకు పంపే ముందు ఒకసారి అందరూ ఆగి పైకి చదివి చూసుకోవాలి. ఈ రోగి ఎవరు, ఏ ఆపరేషను, ఏ వైపు, పనిముట్లు, గుడ్డలు లెక్క సరిపోయాయా? ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో దీన్ని పరీక్షించారు. మన దేశం నుండి ఎంచుకున్నది ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆస్పత్రి, అదీ మన ఆస్పత్రి లాగే మిషను ఆస్పత్రే. 2009లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషను తర్వాతి మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గాయి. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మందు లేదు. ఒక కాగితం, దాన్ని పైకి చదివే అలవాటు. మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఎడమ, కుడి ఉన్న అవయవమైతే రోగి మెలకువగా ఉండగానే ఆ వైపు గుర్తు పెట్టమని అడగండి. "మీకు పట్టిక వాడే అలవాటు ఉందా?" అని కూడా అడగవచ్చు.

సంతకం గురించి కూడా తెలుసుకోండి. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. ఒక మహిళ పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం ఏమీ లేనప్పుడు, ఆమె మేలుకున్నాక తనే నిర్ణయించుకోగలిగినప్పుడు, తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ముందున్నాయి. కనుక ఈ తీర్పు మనకు దూరపు సంగతి కాదు. తెల్లబట్ట అవుతుందని, నడుం నొప్పి అని గర్భసంచి తీసేయమని ఎవరైనా చెబితే, మందులతో తగ్గదా, తీసేయకపోతే ఏమవుతుంది, తీసేస్తే తర్వాత ఏమవుతుంది అని అడగండి. ఇంకో డాక్టరు గారికి చూపించండి. ఆమెను అడగండి ముందు.

ఇక ఇంటికి వెళ్ళిన తర్వాత. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్క రోజున 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇళ్ళకు వెళ్ళాక కొందరికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నలుగురు చనిపోయారు. మిగతా ముప్పైమందిని హైదరాబాదు తీసుకువెళ్ళి నిమ్స్, అపోలో ఆస్పత్రుల్లో చికిత్స చేయించారు. ఇన్ఫెక్షను కారణమని విచారణలో తేలింది. ఇలాంటిదే 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర జరిగింది. ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేశారు, ఆ తర్వాత 13 మంది చనిపోయారు. అలాంటి సామూహిక శిబిరాలను మూడేళ్ళలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది జరిగిన ఆరేళ్ళకు ఇబ్రహీంపట్నం.

గుంపుగా ఆపరేషన్లు చేసేటప్పుడు జరిగేది తెలుసుకోండి. పనిముట్లను ఒకరికీ మరొకరికీ మధ్య క్రిమిరహితం చేయడానికి సమయం కావాలి. సంఖ్య పెరిగిన కొద్దీ ఆ సమయం కరుగుతుంది. మీ అమ్మాయిని తీసుకుపోయే రోజు "ఇవాళ ఎంతమంది?" అని అడగడానికి వెనుకాడకండి. ఎక్కువగా ఉంటే ఇంకో రోజు రావచ్చు, ఈ ఆపరేషనుకు తొందర ఏమీ లేదు. ఏ కడుపు ఆపరేషను తర్వాత అయినా జ్వరం, ఆగని వాంతులు, కడుపు ఉబ్బడం, మూత్రం తగ్గిపోవడం, ఒళ్ళు చల్లబడడం, మనిషి అయోమయంగా మాట్లాడడం కనిపిస్తే తెల్లారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోను చేయండి. ఏదో తిన్నది పడలేదని సోడా తాగించి ఊరుకోవద్దు.

సెలైను, రక్తం

2016లో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్ల తర్వాత 13 మందికి కంటిలో ఇన్ఫెక్షను వచ్చింది, కొందరి చూపు పోయింది. వాడిన రింగర్ లాక్టేట్ ద్రవంలోనే క్రిములు ఉన్నట్టు పరీక్షలో తేలింది. అలాంటి క్రిములు కంటికి కనిపించవు, దాన్ని మీరు గాని నేను గాని చూసి ఆపలేం. అది కంపెనీ, ప్రభుత్వం చూడవలసిన పని. కనిపించేవి మాత్రం చూడవచ్చు. సీసాలో నలుసులు, మబ్బుగా ఉండడం, పగులు, గడువు తేదీ. సెలైను తొందరగా అయిపోతే తొందరగా ఇంటికి పోవచ్చని చక్రం తిప్పి వదిలేవాళ్ళను నేను ప్రతి వారం చూస్తాను. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి, చిన్నపిల్లలకు ఆ వేగం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆక్సిజన్ మీటరును కూడా ముట్టుకోవద్దు.

రక్తం బ్యాగు తెచ్చేది చాలాసార్లు మీరే. బ్లడ్ బ్యాంకు నుండి తీసుకునేటప్పుడు బ్యాగు మీది పేరు, గ్రూపు, నంబరు చీటీతో సరిపోల్చండి. ఇచ్చిన డబ్బాలోనే పెట్టుకుని నేరుగా వార్డుకు రండి. మధ్యలో హోటల్ దగ్గర ఆగవద్దు. చల్లగా ఉందని ఎండలో పెట్టడం, వేడి నీళ్ళలో ముంచడం, చంకలో పెట్టుకోవడం చేస్తే రక్తకణాలు చెడిపోతాయి. రక్తం ఎక్కుతున్న మొదటి పావుగంట రోగి ముఖం చూస్తూ ఉండండి. చలి, వణుకు, నడుం నొప్పి, ఛాతీ బరువు, దద్దుర్లు, ఏది కనిపించినా వెంటనే పిలవండి. ఆ కేకకు మేము పరుగెత్తుకు వస్తాం, చిన్న విషయానికి పిలిచారని ఎవరూ అనరు.

రోగిని కదిలించడం

2023 ఏప్రిల్లో నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో ఒక రోగిని బంధువులు కాళ్ళు పట్టుకుని నేల మీద లాక్కుపోతున్న వీడియో రాష్ట్రమంతా తిరిగింది. స్ట్రెచరు దొరకలేదని కొందరు అన్నారు. సిబ్బంది వీల్ చెయిరు తెచ్చేలోగా లిఫ్టు వచ్చిందని బంధువులే తొందరపడ్డారని ఆస్పత్రి వారు చెప్పారు. ఎవరి మాట నిజమన్నది ఇక్కడ నేను తేల్చను. కానీ వీల్ చెయిరు గుమ్మం దగ్గరే కనిపించే ఏర్పాటు ఉంటే ఈ రెండు మాటలూ పుట్టేవే కాదు. అది ఆస్పత్రుల బాధ్యత, మాతో సహా. మీ వంతుగా, నడవలేని మనిషిని ఎప్పుడూ ఒక్కరే లేపవద్దు. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందనుకుంటే మేము వచ్చే వరకు కదిలించనే వద్దు. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ముసలివారు పడిపోవడం ఎక్కువ. మంచం పక్క కడ్డీలు పైకి లేపి ఉంచండి, మందు ప్రభావంతో ఉన్నవారిని ఒంటరిగా బాత్‌రూముకు పంపకండి. మంచాన పడినవారిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పండి.

చేతులు కడుక్కోవడం గురించి 1847లోనే వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు నిరూపించాడు. డాక్టర్లు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాక బాలింతల మరణాలు గణనీయంగా తగ్గాయి. తోటి డాక్టర్లు ఆయన్ని నమ్మలేదు. ఇప్పటికీ హడావుడిలో మేము మరచిపోతుంటాం. "చేతులు కడుక్కున్నారా సిస్టర్?" అని నన్ను అడగండి. నాకు కోపం రాదు. మీ చుట్టాలు పదిమంది ఒకేసారి మంచం మీద కూర్చుంటే మాత్రం వస్తుంది.

ఎలా అడగాలి, ఎవరిని అడగాలి

ఇంగ్లండులో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ళ అమ్మాయి సైకిల్ మీద నుండి పడి 2021లో ఆస్పత్రిలో చనిపోయింది. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెప్పిన మాటను అక్కడివారు పట్టించుకోలేదు. ఆ తల్లి ఊరుకోలేదు. ఆమె పోరాటం వల్ల 2024 నుండి అక్కడి ఆస్పత్రుల్లో మార్తా పేరుతో ఒక నియమం అమలులోకి వచ్చింది. రోగి పరిస్థితి విషమిస్తోందని కుటుంబం అనుకుంటే, వేరే వైద్య బృందం వచ్చి చూడమని నేరుగా కోరవచ్చు. మన దగ్గర అలాంటి నియమం ఇంకా లేదు. అయినా మీరు అదే పని చేయవచ్చు. ముందు వార్డు సిస్టరు, తర్వాత డ్యూటీ డాక్టరు, తర్వాత సూపరింటెండెంటు. "పేషెంటుకు బాగా లేదు" అంటే మాకు ఏమీ అర్థం కాదు. "పొద్దున పేరు పెట్టి పిలిస్తే పలికాడు, ఇప్పుడు పలకడం లేదు. మధ్యాహ్నం నుండి మూత్రం పోయలేదు" అని చెప్పండి. అప్పుడు ఎవరూ కొట్టిపారేయలేరు.

అందుకే ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోండి. ఏ రోజు ఏ మందు మొదలైంది, ఏ డాక్టరు గారు ఏం చెప్పారు, జ్వరం ఎంత, అన్నీ రాయండి. పగలు తమ్ముడు, రాత్రి మరదలు కూర్చునే కుటుంబాల్లో ఒకరికి తెలిసింది మరొకరికి తెలియదు. దుబాయిలో ఉన్న కొడుకు ఫోను చేసి అడిగినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నోటుబుక్కు ఉంటే ఆ గందరగోళం ఉండదు.

తప్పు జరిగిందని గట్టిగా అనిపించినప్పుడు అద్దాలు పగలగొట్టడం వల్ల మిగిలేది ఏమీ లేదు. 2008 చట్టం ప్రకారం అది నేరం, పైగా ఆ గొడవలో పక్క మంచం రోగికి వైద్యం ఆగిపోతుంది. కాగితాలు అడగండి. కేస్ షీటు నకళ్ళు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. ఆ కాగితాల విలువ ఎంతో ఒక కేసు చెబుతుంది. 2002లో హైదరాబాదులో ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాడు. ఆయన ఉద్యోగం మలేరియా విభాగంలోనే. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. తగ్గక ఇంకో ఆస్పత్రికి మారిస్తే రక్త పరీక్షలో మలేరియా అని తేలింది. ఆమె బ్రతకలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం రెండు లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుల సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అవసరం లేదని చెప్పి 2010లో కోర్టు ఆ పరిహారాన్ని నిలబెట్టింది. రెండో ఆస్పత్రి రక్త పరీక్ష కాగితం ఆయన దగ్గర లేకపోతే ఏం చెప్పగలిగేవాడు?

వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. మందు వల్ల చెడు ప్రభావం కనిపిస్తే రోగి తరఫున మీరే చెప్పడానికి ప్రభుత్వం ఉచిత ఫోను నంబరు పెట్టింది: 1800-180-3024. డిశ్చార్జి రోజున తొందరలో ఆటో పిలవకముందే చీటీ తీసుకుని వార్డు సిస్టరు దగ్గర కూర్చోండి. ప్రతి మందు పేరు, ఎందుకు, ఎన్ని రోజులు, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏం కనిపిస్తే వెంటనే రావాలి అని మీరే తిరిగి చెప్పండి. పొరపాటుగా చెబితే ఆమె సరిచేస్తుంది. ఈ పుస్తకం వెనుక అట్ట లోపలి వైపు మందులు రాసుకోవడానికి గళ్ళు గీసి ఉన్నాయి, అక్కడే రాయించుకోండి.